ముప్పై ఏడు వారాలు

స్కానింగ్‌కి వెళ్దామన్నది నేనే. హిల్వతి వద్దంది. ఊళ్ళో నర్సమ్మ ఎర్నా నెలనెలా చూస్తూనే ఉందిగా, గుండె చప్పుడు వినిపిస్తూనే ఉందిగా, ఇంకేం చూడాలి అంది. పైగా పొగాకు కోత మొదలై రెండు వారాలే అయింది. ఆకు పండాక ఎవరి కోసమూ ఆగదు. పొద్దున కొట్టిన ఆకుని మధ్యాహ్నానికి కర్రలకి అల్లాలి, సాయంత్రానికి ఆకు కాల్చే బ్యారన్‌లోకి ఎక్కించాలి. అల్లడంలో మా ఊరి ఆడవాళ్ళలో హిల్వతి చెయ్యే వడి.

"పెద్దదైంది పొట్ట, చేతులు కాదుగా. పొట్టతో ఆకు అల్లనుగా నేను," అని నవ్వింది.

నేను వినలేదు. మలేషియాలో పామాయిల్ తోటల్లో మూడేళ్ళు పని చేశాను. అక్కడ మా రేకుల షెడ్డులో జావా వాడొకడు ఉండేవాడు. వాళ్ళావిడ పంపిన స్కానింగ్ ఫోటో ఫోన్‌లో పెట్టుకుని అన్నం తినేటప్పుడల్లా అందరికీ చూపించేవాడు. మైనం బొమ్మలా పచ్చగా, కళ్ళు మూసుకుని, పిడికిలి బుగ్గ కింద పెట్టుకుని పడుకున్న బిడ్డ. నాకూ బిడ్డ పుట్టేనాడు అలాంటి ఫోటో తీయించాలని అప్పుడే అనుకున్నాను. పెళ్ళయిన ఎనిమిదో నెలలో హిల్వతిని మా అమ్మ దగ్గర వదిలి వెళ్ళినవాణ్ణి, మళ్ళీ ఇల్లు చేరింది మౌలిద్ పండగ ముందు రోజు. జోరున వాన. సూట్‌కేసు నెత్తిన పెట్టుకుని వీధిలో నడిచి వస్తుంటే పండగ వంటలు చేస్తున్న ఆడవాళ్ళందరూ గుమ్మాల్లోకి వచ్చి చూశారు. అంచేత నేను ఏ రోజు వచ్చానో ఊరందరికీ గుర్తే.

మస్బగిక్ బజారులో మందుల షాపు మీద అంతస్తులో ఆ డాక్టరు సాయంకాలపు అసర్ నమాజు తర్వాత కూర్చుంటాడు. మేం వెళ్ళేసరికి మెట్ల మీద దాకా ఆడవాళ్ళు. హిల్వతి రెండు సీసాల నీళ్ళు తాగి, మూడుసార్లు బాత్రూముకి వెళ్ళొచ్చింది. పక్కన కూర్చున్న పెద్దావిడ, "కవలలా అమ్మాయ్?" అని అడిగింది. "ఒక్కరే. కానీ ఇద్దరి తిండి తింటోంది," అని హిల్వతి పొట్ట తట్టుకుంది.

లోపల చీకటిగా, చల్లగా ఉంది. డాక్టరు కుర్రవాడు, బాగా అలిసిపోయి ఉన్నాడు. పొట్ట మీద జిగురు రాసి గొట్టం తిప్పాడు. తెర మీద ముందు మబ్బులు కదిలాయి, తర్వాత ఆ మబ్బుల్లోంచి ఒక బుగ్గ, ఒక చప్పిడి ముక్కు, దళసరి పెదవి బయటపడ్డాయి. ఆడపిల్ల అన్నాడు. హిల్వతి నా చెయ్యి పట్టుకుంది.

"ముక్కు మీ అమ్మదే. పోలిక ఎక్కడికి పోతుంది," అంది.

నేను నవ్వాను. ఆ సాయంత్రం నేను మనస్ఫూర్తిగా నవ్విన నవ్వు అదొక్కటే.

"బిడ్డ బాగా పెద్దగా ఉంది," అన్నాడు డాక్టరు. ఏవో కొలతలు తీశాడు. హిల్వతి లేచి మళ్ళీ బాత్రూముకి పరిగెత్తింది. అతను ఫోటో ఒకటి, అచ్చు కాగితం ఒకటి నా చేతికిచ్చాడు. కాగితం అడుగున పెన్నుతో రెండు ముక్కలు గీకాడు. "ఇది మీ నర్సమ్మకి చూపించండి. ఈ వారంలోనే. మర్చిపోకండి," అంటూనే బయటివాళ్ళని పిలిచాడు.

సరే అన్నాను. అన్నానే గానీ చెవులు అక్కడ లేవు. నా కళ్ళు కాగితం మీద ఒక అంకె దగ్గర ఆగిపోయాయి. బిడ్డ వయసు ముప్పై ఏడు వారాల ఒక రోజు. కాన్పు తేదీ సెప్టెంబరు నాలుగు.

నర్సమ్మ మాకు చెప్పింది సెప్టెంబరు నెలాఖరు.

మెట్లు దిగుతూ ఒక్కో మెట్టుకి ఒక్కో నెల వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. కిందికి వచ్చాక మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. హిల్వతి ఫోటో పట్టుకుని బండి ఎక్కింది. "కాగితం ఏదీ?" అని అడిగింది. "జేబులో ఉందిలే," అన్నాను. దారి పొడుగునా నా భుజం మీద గడ్డం ఆనించి ఏదో చెబుతూనే ఉంది. గాలికి వినపడనట్టు ఊరుకున్నాను.

మర్నాడు బ్యారన్ దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు, లోపలి వేడి ఎన్ని డిగ్రీలో రాసుకునే పెన్సిలు తీసి, ఆ కాగితం వెనక వారానికో గీత గీశాను. గోడ మీద కాలెండరు పెట్టుకుని ఏడేసి రోజులు వెనక్కి వెళ్ళాను. ముప్పై ఏడో గీత నవంబరు ఇరవై తొమ్మిదిన ఆగింది. నేను ఇంటికి వచ్చింది డిసెంబరు ఇరవై మూడున. మధ్యలో నాలుగు వారాలకి కాస్త తక్కువ. ఆ రోజులన్నీ నేను మలేషియాలో పహాంగ్ తోటలో గెలలు దింపుతున్నాను.

పెన్సిలుతో ఆ నాలుగు గీతల చుట్టూ సున్నా చుట్టాను. దాని పక్కన ఒక పేరు మొదటి అక్షరం రాశాను.

ఫిర్దౌస్ మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటాడు. భార్య పోయి ఐదేళ్ళయింది. మా వీధిలో పికప్ బండి ఉన్నది అతనికే. మలేషియా నుంచి ఫోన్ చేసినప్పుడల్లా హిల్వతి, "ఈ రోజు ఇనాక్‌ని ఫిర్దౌస్ బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం," అనేది. ఇనాక్ అంటే అమ్మ; హిల్వతి మా అమ్మని అలా పిలుస్తుంది, ఊళ్ళో పిల్లలున్న ఆడవాళ్ళందరి పేర్ల ముందూ అదే మాట చేరుస్తాం. "ఫిర్దౌస్ బండిలో బియ్యం తెచ్చాం," అనేది. అప్పుడు పుణ్యాత్ముడు అనుకున్నాను. ఇప్పుడు ఆ ఫోన్లన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుని తిరగేశాను.

రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మూడో రోజు ఆకు అల్లే చోట పట్టా నీడన ఆడవాళ్ళు బారుగా కూర్చుని ఉన్నారు. వాళ్ళలో పెద్దదైన ఇనాక్ జుమేనా ఏదో వేళాకోళం ఆడుతోంది. నేను ఖాళీ కర్రల కట్ట తెచ్చి హిల్వతి పక్కన దించి, వంగి, మెల్లగా అడిగాను.

"నేను వచ్చే ముందు నీకు నెలసరి ఎప్పుడయింది?"

ఆకు మెలిపెడుతున్న ఆమె వేళ్ళు ఆగాయి. తలెత్తి చూసింది. ముందు అర్థం కాలేదు ఆమెకి. తర్వాత అర్థమైంది. అర్థమవుతున్నప్పుడు ఆ మొహాన్ని చూశాను. చూసి కూడా అడిగిన మాట వెనక్కి తీసుకోలేదు.

"ఎందుకు?" అంది.

"ఊరికే."

"నువ్వొచ్చే రెండు మూడు రోజుల ముందు," అని మళ్ళీ దారం చుట్టింది. ఇనాక్ జుమేనా, "ఏంట్రా సపువాన్, పట్టపగలు పెళ్ళాంతో గుసగుసలు? మూడేళ్ళ బాకీ ఇంకా తీరలేదా?" అంది. అందరూ నవ్వారు. హిల్వతి కూడా నవ్వింది, ఏమీ లేదని వాళ్ళు అనుకోవాలని.

స్కానింగ్ నుంచి రాగానే హిల్వతి అద్దానికి అంటించిన ఫోటో ఆ సాయంత్రం కనపడలేదు. ఎక్కడ పెట్టిందో నేనడగలేదు, తను చెప్పలేదు. ఆమె ఎండలో పొద్దస్తమానం కూర్చుంటోందని, కాళ్ళు దిమ్మల్లా వాచాయని, కొట్లో ప్లాస్టిక్ సంచుల్లో పోసిచ్చే తీపి టీ ఎంత తాగుతున్నా దాహం తీరడం లేదని చూస్తూనే ఉన్నాను. నర్సమ్మ పడుకోమంది కదా, ఇక చాలు, లే, అని ఒక్కసారి కూడా అనలేదు. మా అమ్మే వెళ్ళి చెయ్యి పట్టి లేపుకొచ్చేది.

అమ్మతో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆమె పొయ్యి దగ్గర మిరపకాయలు నూరుతోంది.

"బిడ్డకి తొమ్మిది నెలలు దగ్గరపడ్డాయట. డాక్టరు కాగితంలో ఉంది," అన్నాను.

"అయితే?"

"నేనొచ్చి ఎన్ని నెలలైంది?"

అమ్మ పొత్రం ఆపలేదు. నూరడం అయ్యాక చెయ్యి కడుక్కుని నా వైపు తిరిగింది.

"నువ్వు పుట్టడానికి ముందు మీ నాన్న సుంబావా దీవిలో పశువులు కాస్తున్నాడు. వచ్చాడు, నిన్ను చూశాడు, ఎత్తుకున్నాడు. పాపం ఆయనకి లెక్కలు రావు," అంది. "మూడేళ్ళు ఈ పిల్ల నా పక్కన పడుకుంది. నాకు జ్వరం వస్తే నా గుడ్డలు ఉతికింది. ఈ మాట ఇంకోసారి నా పొయ్యి దగ్గర అనకు."

నేను అనలేదు. ఆ కాగితం మాత్రం చొక్కా జేబులోనే ఉంచుకున్నాను. ఉతకడానికి చొక్కా విప్పినప్పుడు ఇంకో చొక్కా జేబులోకి మార్చుకునేవాణ్ణి.

ఆగస్టు నెలాఖరున నర్సమ్మ ఎర్నా ఇంటికే వచ్చింది. మనిషి పొట్టి, మాట కటువు, మా ఊళ్ళో ఇరవయ్యేళ్ళుగా పుట్టినవాళ్ళందరినీ పట్టుకున్న చెయ్యి ఆమెది. టేపుతో పొట్ట కొలిచి, మళ్ళీ కొలిచింది.

"కొలత ఎక్కువొస్తోంది. స్కానింగ్ తీయించారటగా? కాగితం ఏదీ?"

"కాగితం ఇవ్వలేదు. ఫోటో ఒక్కటే ఇచ్చారు," అన్నాను.

హిల్వతి నా వైపు చూసింది. నా జేబు వైపు చూడలేదు. నా మొహం వైపే చూసింది.

ఎందుకలా అన్నానంటే, ఎర్నా కూడా లెక్కపెడుతుందని భయం. ఆ అంకె చూసి, నేనొచ్చిన రోజు గుర్తు తెచ్చుకుని, ఊరికి చెబుతుందని. నా పరువు కోసం దాచాను. అంతకంటే వేరే కారణం లేదు.

ఎర్నా సంచి సర్దుకుంటూ, "రక్తంలో చక్కెర చూసే పట్టీలు నా దగ్గర అయిపోయాయి. వచ్చే నెల గానీ పంపరు. సర్లే, ఏదైనా తేడా ఉంటే ఆ డాక్టరు రాసిచ్చి ఉండేవాడే," అంది.

సెప్టెంబరు నాలుగు వచ్చింది. ఆ రోజు పొలంలో ఆకు కొడుతూ అరగంటకోసారి ఇంటి వైపు చూశాను, ఎవరైనా పిలవడానికి వస్తారేమోనని. ఎవరూ రాలేదు. ఐదు, ఆరు, పది. హిల్వతి నడుం పట్టుకుని నడుస్తోంది, నొప్పులు లేవు. పన్నెండో తారీఖు దాటేసరికి నాకు తెలిసిపోయింది. కాగితం తప్పు. ఆమె చెప్పిందే నిజం. ఆమె ఎప్పుడూ చెప్పిందే నిజం.

అప్పుడైనా కాగితం తీసి నర్సమ్మకి ఇచ్చి ఉండాల్సింది. ఇవ్వలేదు. ఇస్తే, ఇన్నాళ్ళూ ఎక్కడుందని అడుగుతుంది. లేదని ఎందుకన్నావంటుంది. వెనక నా గీతలున్నాయి, సున్నా ఉంది, పక్కన అక్షరం ఉంది. మొదట అనుమానంతో దాచాను, తర్వాత సిగ్గుతో దాచాను. ఒక మధ్యాహ్నం బ్యారన్ పొయ్యి తలుపు తెరిచి దాన్ని మంటలో వేద్దామని నిలబడ్డాను. వెయ్యలేక మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాను. అడుగున పెన్నుతో రాసిన ముక్కలు అప్పటికి కూడా చదవలేదు. డాక్టరు గీతలు నాకు అర్థం కావని నాకు నేనే చెప్పుకున్నాను.

పంతొమ్మిదో తారీఖు పొద్దున, అందరూ ఆకు సంచులు దించుతుండగా పెరట్లో హిల్వతికి ఉమ్మనీరు పోయింది. అమ్మ ఎర్నాకి కబురు పంపి, నన్ను బండి తెమ్మంది. నేను వీధిలోకి పరిగెత్తాను. ఫిర్దౌస్ గేటు ముందు పికప్ కడిగి పెట్టి ఉంది. అతను వాకిట్లో కాఫీ తాగుతున్నాడు. నన్ను చూసి లేచాడు. నేను ఆగలేదు. రోడ్డు దాకా పోయి అక్కడ నిలబడి, వచ్చిన ప్రతి లారీకీ, వ్యానుకీ చెయ్యెత్తాను. అరగంట. ఒక్కటీ ఆగలేదు.

వెనక్కి వచ్చేసరికి ఫిర్దౌస్ బండి మా గుమ్మంలో ఉంది. వెనక పరుపు వేసి హిల్వతిని పడుకోబెట్టారు. అమ్మ, ఎర్నా చెరో పక్కన కూర్చున్నారు. అమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది.

"ఎక్కు," అన్నాడు ఫిర్దౌస్. అంతే అన్నాడు.

పట్నం ఆసుపత్రిలో నన్ను బయట కూర్చోబెట్టారు. మధ్యాహ్నం అజాన్ వినపడ్డాక లోపల అరుపులు పెరిగాయి, ఉన్నట్టుండి ఆగాయి. అడుగుల చప్పుడు. ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. బిడ్డ ఏడుపు కోసం చెవులు రిక్కించాను. రాలేదు. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు పిల్లికూతలా సన్నగా వచ్చింది.

ఎర్నా బయటికి వచ్చి గోడకి ఆనుకుంది.

"తల వచ్చింది, భుజం ఇరుక్కుంది. ఐదు కిలోలకి కాస్త తక్కువ," అంది. "ఇద్దరూ బతికారు. బిడ్డ ఎడమ చెయ్యి కదలడం లేదు. హిల్వతికి రక్తంలో చక్కెర మూడొందలు దాటి ఉంది. నెల ముందు తెలిస్తే మందుతో అదుపులో పెట్టేవాళ్ళు, ఆపరేషన్ చేసి తీసేవాళ్ళు. అంత పెద్ద బిడ్డని చూసి ఆ డాక్టరు ఒక్క ముక్క రాయకుండా ఎలా ఉన్నాడో నాకు అర్థం కావడం లేదు."

నేను జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను.

మడతల దగ్గర చిరుగులు పడి ఉంది. ఆమె చదివింది. "చక్కెర పరీక్ష వెంటనే. బిడ్డ తూకం ఎక్కువ. వారంలో మళ్ళీ చూపించాలి," అని పైకే చదివింది. తర్వాత వెనక్కి తిప్పింది. నా గీతలు, నా సున్నా, నా అక్షరం. ఆమె కూడా ఏడేసి రోజులు లెక్కపెట్టడం పెదవుల కదలికలో కనిపించింది. లెక్క అయ్యాక తలెత్తింది.

"చివరి నెలల్లో కొలిస్తే మూడు వారాలు అటూ ఇటూ పోతుంది. చక్కెర ఉన్న బిడ్డ వయసుకి మించి కనిపిస్తుంది," అంది. "పైగా ఆ వారాలు లెక్కపెట్టేది కడుపు నిలిచిన రోజు నుంచి కాదు. చివరి నెలసరి నుంచి. నన్ను ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని కదయ్యా."

తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

సాయంత్రం వార్డులో పెద్ద డాక్టరమ్మ వచ్చింది. ఆమె చేతిలో ఆ కాగితం ఉంది. హిల్వతి మంచం చుట్టూ మా అమ్మ, ఎర్నా, ఫిర్దౌస్, ఇద్దరు నర్సులు ఉన్నారు. గోడ పక్కన నేను. డాక్టరమ్మ కాగితాన్ని దుప్పటి మీద పెట్టింది. గీతలున్న వైపు పైకి ఉంది.

"నెల దాటింది ఇది ఇచ్చి. ఇన్నాళ్ళూ ఎవరి దగ్గరుంది?"

హిల్వతి కాగితాన్ని చూసింది. వారాలు, సున్నా, దాని పక్కన అక్షరం. అక్షరం దగ్గర చూపు కొంచెం ఆగింది. మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ ఫిర్దౌస్‌కి అది కనపడకుండా చెయ్యి జరిపి కాగితం బోర్లా వేసింది. తర్వాత నా వైపు చూసింది. ఎంతసేపో చెప్పలేను. ఎక్కువసేపే చూసింది.

"నా దగ్గరే ఉంది," అంది. "పొగాకు పని అయ్యాక వెళ్దామని నేనే దాచాను."

డాక్టరమ్మ చాలా మాటలు అంది. నాలుగు ఆకులు ముఖ్యమా, కన్నబిడ్డ ముఖ్యమా అంది. నీలాంటి తల్లులని చూసి చూసి విసిగిపోయానంది. బిడ్డ చెయ్యి జీవితాంతం నీకు గుర్తుచేస్తుందంది. హిల్వతి తలొంచుకుని అన్నీ విన్నది. ఎర్నా నన్ను చూస్తూ ఉంది. నేను గోడకి ఆనుకుని నేల చూస్తూ నిలబడ్డాను. ఒక్క మాట. ఒక్క మాట చెప్పలేదు.

ఆ ఏడు ఆఖరి కాపు ఆకు పొలంలోనే ఎండిపోయింది.

పాపకి నజ్వా అని పేరు పెట్టాం. రోజుకి నాలుగుసార్లు చెయ్యి ఎత్తించడం, దించడం, మోచెయ్యి మడిపించడం ఆసుపత్రిలో నేర్పారు. నేనే చేసేవాణ్ణి. వేళ్ళు ముందు కదిలాయి, తర్వాత మణికట్టు, మోచెయ్యి. భుజం సగం దాకా వచ్చి ఆగిపోయింది.

తర్వాతి రంజాన్ పండగ రోజు, అందరూ అందరినీ తప్పులు మన్నించమని అడిగే వేళ, హిల్వతి ముందు కూర్చుని అంతా చెబుదామనుకున్నాను. రెండు చేతులూ పట్టుకున్నాను.

"ఆ రోజు ఎందుకలా చెప్పావు?" అని మాత్రం అడగగలిగాను.

"నువ్వు చెబుతావేమోనని కాసేపు చూశాను," అంది. "తర్వాత చెప్పాను." చేతులు విడిపించుకుని, వచ్చినవాళ్ళకి తినడానికి పెట్టడానికి లేచింది.

నజ్వాకి ఇప్పుడు ఐదేళ్ళు. పోయిన నెల పిల్లలకి ఖురాన్ నేర్పే ఉస్తాద్ సహబుద్దీన్ దగ్గర మొదటిసారి కూర్చోబెట్టాను. నమాజుకి నిలబడి చేతులెత్తడం నేర్పుతున్నాడు. కుడి చెయ్యి చెవి దాకా పోయింది. ఎడమ చెయ్యి రొమ్ము దగ్గర ఆగింది.

"రెండూ సమంగా ఎత్తాలమ్మా," అన్నాడు ఉస్తాద్.

"ఇది ఇంతే వస్తుంది," అంది నజ్వా, వయసులో పెద్దదానిలా. "నేను పుట్టేటప్పుడు ఇలా అయింది. మా అమ్మ డాక్టరు కాగితం దాచిందట. ఇనాక్ జుమేనా చెప్పింది."

ఉస్తాద్ ఇబ్బందిగా నా వైపు చూశాడు. పిల్లలందరూ చూస్తున్నారు.

"అమ్మ కాదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "అప్పుడు ఆ కాగితం నా జేబులో ఉండింది. దాచింది నేను."

"నువ్వా?" అంది నజ్వా. ఎందుకని అడుగుతుందని భయపడ్డాను. అడగలేదు. మళ్ళీ చేతులెత్తడం మొదలుపెట్టింది.

ఇంటికి రాగానే నా చెయ్యి వదిలించుకుని వంటింట్లోకి పరిగెత్తింది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"అమ్మా, ఆ కాగితం నువ్వు దాచలేదట. నాన్న దాచాడట. ఉస్తాద్ ముందు చెప్పాడు."

హిల్వతి గిన్నెలో గరిటె కలుపుతోంది. కలపడం ఆపింది. నన్ను చూడలేదు.

"ఎంతమంది ఉన్నారక్కడ?" అని అడిగింది కూతుర్ని.

"చాలామంది. పిల్లలందరూ ఉన్నారు."

హిల్వతి కొంగుతో మొహం తుడుచుకుంది. పొయ్యి తగ్గించి, "కాళ్ళు కడుక్కుని రా, అన్నం పెడతాను," అంది. ఇంకో కంచం తీసి, "నాన్నని కూడా రమ్మను," అంది.